మాత్ర, మోతాదు, మత్తు: గంజాయి వినియోగంపై విచారణల చరిత్ర, తెలుగు పరిభాష

వ్యాససారాంశం

గంజాయి మనిషిపై చూపే ప్రభావం మొక్క స్వభావం మీద మాత్రమే ఆధారపడి ఉండదు. ఏ రూపంలో, ఎంత, ఏ మార్గంలో, ఎవరు, ఎన్నాళ్లుగా తీసుకుంటున్నారన్న వాటి మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఈ ఎరుక భారతీయ వైద్యగ్రంథాల్లోనూ, 1839 నాటి కలకత్తా ప్రయోగాల్లోనూ, 1893–94 నాటి విచారణ సంఘం నివేదికలోనూ వేర్వేరు రీతుల్లో వ్యక్తమైంది. తరువాతి కాలంలో అది చట్టంలో తూకంగా మారింది. తెలుగు బహిరంగ వ్యవహారంలో ఒకే నిందావాచకంగా కుదించుకుపోయింది. ఈ క్రమాన్ని పరిశీలించి, ప్రభావాన్ని గురించి తెలుగులో మాట్లాడుకోవడానికి అవసరమైన పరిభాషను ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గంజాయి, భంగు, మాత్ర, మోతాదు, మితం, వ్యసనం, విచారణ సంఘం, పరిభాష.

1. ఉపోద్ఘాతం

తెలుగులో మందు పరిమాణాన్ని తెలిపే మాటలు ప్రధానంగా రెండు. ఒకటి 'మాత్ర'. సంస్కృతంలో దీనికి కొలత అని అర్థం. ఛందస్సులో ఇది ఉచ్చారణ కాలానికి కొలత; వైద్యంలో ఔషధానికి కొలత. కొలత ప్రకారం చుట్టిన గుళికకే ఆ పేరు స్థిరపడడంతో నేటి వ్యవహారంలో 'మాత్ర' అంటే బిళ్ల అయింది. రెండోది 'మోతాదు'. ఇది అరబ్బీ మూలం నుంచి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చిన మాట. మూలంలో దీనికి అలవాటైనది, వాడుకగా తీసుకునేది అని అర్థం. అంటే మొదటి మాట కొలతను చెబుతుంది; రెండో మాట అలవాటును లోపల దాచుకొని కొలతను చెబుతుంది.

మత్తు కలిగించే ద్రవ్యాల విషయంలో ఈ రెండు భావనల మధ్య సంబంధం కీలకమైనది. మొదటిసారి తీసుకున్నవానికి అధికమైన పరిమాణం అలవాటుపడినవానికి చాలకపోవచ్చు. ఒకనికి మితమైనది మరొకనికి అతి కావచ్చు. మితానికీ అతికీ మధ్య గీత ఎక్కడ ఉంది, దానిని ఎవరు గీశారు, ఏ ప్రమాణంతో గీశారు అన్న ప్రశ్నలకు గంజాయి చరిత్రలో స్పష్టమైన ఆధారాలు దొరుకుతాయి. ఈ వ్యాసం ఆ ఆధారాలను కాలక్రమంలో పరిశీలిస్తుంది. గంజాయిని సమర్థించడం గాని, దానిపై నిషేధాన్ని ఖండించడం గాని దీని లక్ష్యం కాదు.

2. పేర్లు, రూపాలు

ముందుగా పేర్ల విషయంలోని తికమకను తొలగించుకోవాలి. ఇంగ్లీషులో 'హెంప్' అన్న ఒక్క మాటను వలస పాలన నాటి పత్రాలు అనేక నార మొక్కలకు వాడాయి. జనుమును 'సన్ హెంప్' అన్నాయి; గోగును 'దక్కన్ హెంప్' అన్నాయి. మన గోంగూర మొక్క శాస్త్రనామం హిబిస్కస్ కెన్నాబినస్. దాని ఆకు గంజాయి ఆకును పోలి ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. వృక్షశాస్త్రం దృష్టిలో ఈ మూడింటికీ దగ్గరి చుట్టరికం లేదు. జనుము చిక్కుడు కుటుంబానికి, గోగు బెండ, మందార మొక్కల కుటుంబానికి చెందినవి. గంజాయిది వేరే కుటుంబం. తెలుగు రైతుకు మూడింటికీ మూడు పేర్లు ఉన్నాయి కనుక అతనికి ఈ తికమక లేదు. అది అనువాదకునికి ఎదురయ్యేది. 'ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్' అన్న పేరులోని 'హెంప్'ను నిఘంటువు చూసి 'జనపనార' అని అనువదిస్తే అర్థం పూర్తిగా చెడిపోతుంది.

మొక్క ఒకటే అయినా దాని నుంచి వచ్చే మత్తు ద్రవ్యాలు మూడు. ఎండిన ఆకు భంగు. ఆడమొక్క పూలగుత్తి గంజాయి. మొక్క నుంచి సేకరించిన జిగురు చరస్. 1893లో డేవిడ్ ప్రెయిన్ గంజాయి సాగు, వినియోగాలపై ప్రచురించిన నివేదిక బెంగాలులోని సాగు పద్ధతిని వివరంగా నమోదు చేసింది. రాజషాహి జిల్లా నవగావ్ ప్రాంతంలో 'పొద్దార్' అనే నిపుణుడు పొలమంతా తిరిగి మగమొక్కలను ఏరివేసేవాడు. పరాగసంపర్కం జరగని ఆడమొక్క పూలలో గింజ పట్టదు, జిగురు అధికమవుతుంది. మత్తు బలం ఎక్కడ ఉందో రైతులకు అనుభవం మీద తెలుసునని దీనివల్ల స్పష్టమవుతుంది.

మద్రాసు రాజధానిలో ఈ భేదాలు అంత కచ్చితంగా పాటింపబడలేదు. నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు, ఉత్తర ఆర్కాటు జిల్లాలోని జవ్వాది కొండలు ఈ రాజధానిలో సాగుకు పేరుపొందిన ప్రాంతాలు. భంగు, గంజాయి అన్న మాటలు ఇక్కడ ఒకదాని స్థానంలో మరొకటి వాడుకలో ఉండేవి. పొగకు వాడిన సరుకునే నూరి పానీయంగానూ, నేతితో పంచదారతో కలిపి మాజూన్‌గానూ తయారు చేసేవారు. ప్రభావాన్ని నిర్ణయించే అంశాల్లో రూపం మొదటిది. రూపాల పేర్లే కలిసిపోయిన చోట ప్రభావాల మధ్య తేడాను గుర్తించడం కష్టమవుతుంది. నేటి తెలుగులో 'గంజాయి' అన్న మాట మొక్కకు, పూలగుత్తికి, పొగకు, అలవాటుకు, చివరకు ఆ అలవాటు ఉన్న మనిషికి కూడా వర్తిస్తున్నది. తులసివనంలో గంజాయిమొక్క అన్న నానుడి ఈ స్థితికి అద్దం పడుతుంది. అందులో మొక్కే ఒక స్వభావం. దానికి పరిమాణంతో పని లేదు.

3. వైద్యగ్రంథాల్లో మాత్ర

అథర్వవేదం పదకొండవ కాండలో భంగ అన్న మాట సోమ, దర్భ, యవాదులతో పాటు కనిపిస్తుంది. అది మత్తు ద్రవ్యమన్న సూచన అక్కడ లేదు. నారకోసం పెంచిన మొక్కగానో, పవిత్రమైన ఓషధిగానో దానిని అర్థం చేసుకోవచ్చు. వైద్యసాహిత్యంలో మత్తు లక్షణంతో ఈ మొక్క స్పష్టంగా కనిపించడం మధ్యయుగంలోనే.

శార్ఙ్గధర సంహిత ద్రవ్యాలను వర్గీకరిస్తూ 'వ్యవాయి' అన్న వర్గాన్ని నిర్వచించింది. మామూలు ఆహారం ముందు జీర్ణమై తరువాత దేహమంతా వ్యాపిస్తుంది. వ్యవాయి ద్రవ్యం ఇందుకు విరుద్ధంగా ముందు దేహమంతా వ్యాపించి, తరువాత పాకం చెందుతుంది. ఈ వర్గానికి ఆ గ్రంథం ఇచ్చిన ఉదాహరణలు భంగ, నల్లమందు. ఇది నీతి వర్గీకరణ కాదు. దేహంలో ద్రవ్యం ప్రవర్తించే తీరును గురించిన వర్గీకరణ. 16వ శతాబ్దికి చెందిన భావప్రకాశం భంగ, గంజా, విజయ, జయ, మాతులానీ వంటి పర్యాయపదాలను పేర్కొని గుణాలను చెప్పింది. కఫాన్ని హరించడం, ఆహారాన్ని పచనం చేయడం వంటి గుణాల పక్కనే మోహాన్ని, మదాన్ని, వాక్కును, జఠరాగ్నిని పెంచడాన్ని కూడా చేర్చింది. మేలు, కీడు అన్న విభజన లేకుండా ఒకే ద్రవ్యానికి ఉన్న అనేక కార్యాలుగా వాటిని ఒకే వరుసలో ఉంచడం గమనార్హం. గ్రహణి రోగానికి వాడే జాతీఫలాది చూర్ణంలో భంగ ఒక ద్రవ్యం. ఔషధంలో చేర్చే ముందు ఆకును కడగడం, పాలతో శోధించడం, నేతిలో వేయించడం వంటి పద్ధతులు సంప్రదాయంలో ఉన్నాయి.

మాత్రను నిర్ణయించే సూత్రం ఇంతకంటె ప్రాచీనం. చరకసంహిత సూత్రస్థానంలో ఒక అధ్యాయం పేరే మాత్రాశితీయం. తినదగిన పరిమాణం తినేవాని అగ్నిబలాన్ని బట్టి ఉంటుందని అది చెబుతుంది. అదే గ్రంథం మదాత్యయ చికిత్సలో మద్యాన్ని గురించి విధి, మాత్ర, కాలం, ఆహారం, బలం అన్న అంశాలను చర్చించింది. చరకుడు ఇక్కడ చెప్పింది మద్యాన్ని గురించే గాని గంజాయిని గురించి కాదు. అయినా మత్తును అర్థం చేసుకోవడానికి ఒక చట్రం ఈ సంప్రదాయంలో సిద్ధంగా ఉందని చెప్పడానికి ఈ ఆధారం చాలు. పరిమాణాన్ని ద్రవ్యంలో గాక, ద్రవ్యానికీ దేహానికీ మధ్య సంబంధంలో చూడడం ఆ చట్రం ప్రత్యేకత.

4. కలకత్తా ప్రయోగాలు

1839లో కలకత్తా మెడికల్ కళాశాల ఆచార్యుడు విలియం బ్రూక్ ఓషాగ్నెసీ గంజాయిపై తన పరిశోధనను ప్రకటించాడు. పాశ్చాత్య వైద్యంలో ఈ ద్రవ్యానికి స్థానం కల్పించిన పత్రం ఇదే. దేశీయ గ్రంథాల సమాచారం కోసం అతడు కమలాకాంత విద్యాలంకారుని, మధుసూదన గుప్తాను సంప్రదించాడు. ముందు జంతువులపై, తరువాత కీళ్లవాతం, కలరా, ధనుర్వాతం, శిశువుల ఈడ్పులు వంటి వ్యాధులున్న రోగులపై జిగురుసారాన్ని ప్రయోగించాడు.

ఈ పత్రానికి మన చర్చలో రెండు కారణాల వల్ల ప్రాముఖ్యం ఉంది. మొదటిది, పరిమాణాన్ని గ్రెయిన్లలో తూచి, ఇచ్చిన వేళను, ప్రభావం కనిపించిన వేళను వరుసగా నమోదు చేయడం. మాత్ర, కాలం అన్న పాత భావనలు ఇక్కడ అంకెల రూపం ధరించాయి. రెండవది, అంకెలతోనే బయటపడిన అనిశ్చితి. ఒక్క గ్రెయిను జిగురు పుచ్చుకున్న ఒక కీళ్లవాత రోగి అవయవాలు ఎలా ఉంచితే అలాగే నిలిచిపోయే స్థితికి చేరాడు. అంత స్వల్ప పరిమాణానికి అంత తీవ్రమైన ఫలితాన్ని వైద్యుడు ఊహించలేదు. సరుకు పాతబడితే బలం తగ్గేది. ప్రాంతాన్ని బట్టి బలం మారేది. అందులోని క్రియాశీల పదార్థం ఏదో అప్పటికి తెలియదు. తూకం ఒకటే అయినా లోపల ఉన్న బలం ఒకటి కాకపోవడం ఈ ద్రవ్యంతో నేటికీ ఉన్న చిక్కు.

5. విచారణ సంఘం, 1893–94

5.1 నేపథ్యం

1893 మార్చి 2న బ్రిటిష్ పార్లమెంటు దిగువసభలో విలియం స్ప్రోస్టన్ కేన్ బెంగాలులో గంజాయి సాగు, దాని నైతిక, సామాజిక ఫలితాలపై విచారణ కోరుతూ ప్రశ్న వేశాడు. కేన్ మద్యనిషేధ ఉద్యమ నాయకుడు. భారత ప్రభుత్వం విచారణను బెంగాలుకు పరిమితం చేయక దేశమంతటికీ విస్తరించి, ఆ ఏడాది జూలైలో సంఘాన్ని నియమించింది. డబ్ల్యూ. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. సభ్యుల్లో ముగ్గురు భారతీయులు: తాహిర్‌పూర్ రాజా శశిశేఖరేశ్వర రాయ్, కన్వర్ హర్నామ్ సింగ్, లాలా నిహాల్‌చంద్. సంఘం 1193 మంది సాక్షుల నుంచి వాంగ్మూలాలు సేకరించింది. 1894లో వెలువడిన నివేదిక, సాక్ష్యాలు, అనుబంధాలతో కలిసి అనేక సంపుటాలుగా అచ్చయింది.

తెలుగునాట కూడా ఇది సంఘసంస్కరణ చర్చలు ముమ్మరంగా సాగుతున్న దశాబ్దం. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయింది. విచారణ సంఘం సాక్ష్యాల్లో గంజాయి వాడేవారుగా తరచు పేర్కొనబడిన బైరాగి ఆ నాటకంలో సారా దుకాణంలో కూర్చుంటాడు. మత్తు, వైరాగ్యం, పోలీసు అధికారం ఒకే చోట కలుసుకున్న ఆ రంగం, నివేదిక సంపుటాల్లోని అధికారిక గద్యానికి సమకాలికమైన తెలుగు సాక్ష్యం.

5.2 మితం, అతి

సంఘం సాక్షులకు పంపిన ప్రశ్నావళిలో వాడకందారులను నాలుగు తరగతులుగా విభజించింది: నిత్యం మితంగా వాడేవారు, నిత్యం అతిగా వాడేవారు, అప్పుడప్పుడు మితంగా వాడేవారు, అప్పుడప్పుడు అతిగా వాడేవారు. వాడకం ఎంత తరచు, వాడే పరిమాణం ఎంత అన్న రెండు ప్రమాణాలను కలపకుండా వేరుగా ఉంచడం ఈ విభజనలోని బలం. నేటి చర్చల్లో ఈ రెండూ తరచు ఒకటైపోతున్నాయి.

దైహిక, మానసిక, నైతిక ప్రభావాలను విడివిడిగా పరిశీలించిన సంఘం, మితమైన వాడకం వల్ల సాధారణంగా చెప్పుకోదగిన హాని లేదనీ, అతి వాడకం మూడు రంగాల్లోనూ హానికరమనీ తేల్చింది. మితమైన వాడకమే సామాన్యమనీ, అతి అరుదనీ కూడా అభిప్రాయపడింది. సంపూర్ణ నిషేధం విధిస్తే మతాచారాలకు సంబంధించిన అసంతృప్తి కలుగుతుందనీ, జనం మద్యానికో, ఉమ్మెత్త వంటి ఇంకా ప్రమాదకరమైన వాటికో మళ్లవచ్చుననీ భావించింది. తగిన పన్ను, లైసెన్సు ఉన్న సాగు, దుకాణాల సంఖ్యపై పరిమితి, ఒక మనిషి వద్ద ఉండదగిన సరుకుపై పరిమితి అన్న మార్గాలను సిఫార్సు చేసింది.

5.3 పిచ్చాసుపత్రుల లెక్కలు

నివేదికలో అత్యంత విలువైన భాగం పిచ్చాసుపత్రుల రికార్డులను పునఃపరిశీలించిన అధ్యాయం. గంజాయి పిచ్చికి కారణమన్న నమ్మకానికి అప్పటి ఆసుపత్రుల వార్షిక పట్టికలు ఆధారంగా ఉండేవి. మద్రాసు రాజధానిలో అటువంటి ఆసుపత్రుల్లో ఒకటి విశాఖపట్నంలో ఉండేది. సంఘం 1892లో దేశంలోని ఆసుపత్రుల్లో చేరినవారిని ఒక్కొక్కరిగా విచారింపజేసింది. మొత్తం 1344 మందిలో 222 మందికి గంజాయి సంబంధ ద్రవ్యాలు కారణమని పట్టికలు చెప్పాయి. విచారణ తరువాత, వాటిని ఒక కారణంగానైనా అంగీకరించదగిన కేసులు 98కి తగ్గాయి. అందులోనూ ఇతర కారణాలు కలవనివి 61 మాత్రమే.

ఈ తేడా ఎలా వచ్చింది? రోగిని ఆసుపత్రికి పంపే పోలీసు పత్రంలో 'కారణం' అన్న గడి ఉండేది. రోగి ఎవరో, బంధువులు ఎక్కడో తెలియని చోట, అతడు గంజాయి పీల్చేవాడని ఎవరైనా అంటే ఆ గడి నిండేది. ఆ మాటే ఆసుపత్రి రిజిస్టరుకు, అక్కడి నుంచి వార్షిక నివేదికకు చేరి గణాంకమయ్యేది. ఒక మాట మూడు కాగితాలు దాటేసరికి శాస్త్రీయ సత్యంగా మారిన తీరును సంఘమే బయటపెట్టింది. అయితే మిగిలిన 61 కేసులు సున్నా కావు. హాని ఉందన్న సంగతిని సంఘం తోసిపుచ్చలేదు. దాని పరిమాణాన్ని సరిచేసింది.

5.4 పరిమితులు

నివేదికను నిష్పాక్షికమైన తీర్పుగా స్వీకరించడం కూడా పొరపాటే. మొదటిది, 'మితం' అన్న మాటకు నివేదికలో స్థిరమైన కొలత లేదు. హాని పొందనివాడు మితంగా వాడినవాడు, హాని పొందినవాడు అతిగా వాడినవాడు అన్న ధోరణి సాక్ష్యాల్లో తరచు కనిపిస్తుంది. ఇది నిర్వచనంలోనే ఫలితాన్ని ఇమిడ్చే చక్రక దోషం. రెండవది, సాక్షుల్లో అధికారులు, వైద్యులు, భూస్వాములు అధికం. వాడకందారుల గొంతు స్వల్పం. పండుగనాడు భంగు తాగే గృహస్థు మితవాడకానికి, చిలుము పీల్చే సాధువు లేదా కూలీ అతివాడకానికి ప్రతినిధులయ్యారు. రూపాల మధ్య తారతమ్యంలో సామాజిక తారతమ్యం కలిసిపోయింది. మూడవది, ఈ ద్రవ్యాలపై పన్ను ప్రభుత్వానికి ఆదాయం. సంఘం ముగింపులను ఈ ఆదాయం నేపథ్యంలో చదవాలని జేమ్స్ మిల్స్ వంటి చరిత్రకారులు వాదించారు. భారతీయ సభ్యుల్లో రాజా శశిశేఖరేశ్వర రాయ్, లాలా నిహాల్‌చంద్ తుది నిర్ణయాలతో పూర్తిగా ఏకీభవించక అసమ్మతి పత్రాలు జతచేశారు. నివేదికను నేటి నియంత్రణవాదానికి ప్రమాణంగా ఉటంకించేవారు ఈ పత్రాలను ప్రస్తావించడం అరుదు.

భాషాసాహిత్య విద్యార్థులకు నాలుగవ పరిమితి ముఖ్యమైనది. సాహిత్యంలో ఈ మొక్క ప్రస్తావనలపై గ్రియర్సన్ సిద్ధం చేసిన పత్రం నివేదిక అనుబంధాల్లో ఉంది. దాని పరిధి సంస్కృత, హిందీ సాహిత్యాలు. ద్రావిడభాషల సాహిత్యం ఆ పరిధిలో లేదు. తెలుగు ప్రాంతం సంఘం దృష్టికి సాగు విస్తీర్ణంగా, అమ్మకపు లెక్కగా చేరిందే గాని, తన మాటలతో చేరలేదు.

6. శరీరం నుంచి త్రాసుకు

1925 జెనీవా నల్లమందు ఒప్పందం 'ఇండియన్ హెంప్'ను అంతర్జాతీయ నియంత్రణలోకి తెచ్చింది. 1961 నాటి ఏకీకృత ఒప్పందం వైద్యేతర వాడకాన్ని 25 ఏళ్లలో నిలిపివేయాలని గడువు విధించింది. ఆ ఒప్పందం గంజాయిని పూలగుత్తిగా నిర్వచించడం వల్ల ఆకు దాని నుంచి మినహాయింపు పొందింది. భారతదేశం 1985లో మాదకద్రవ్యాలు, మనోప్రభావిత పదార్థాల చట్టం చేసింది. ఆ చట్టం నిర్వచనంలో చరస్ ఉంది, గంజాయి ఉంది. పూలగుత్తి లేని ఆకు, గింజ లేవు. అంటే 19వ శతాబ్దపు మూడు రూపాల విభజన, దానితో పాటు భంగుకు ఉన్న సామాజిక గౌరవం నేటి చట్టంలోనూ కొనసాగుతున్నాయి.

పరిమాణం కూడా చట్టంలో ఉంది, అయితే దాని అర్థం మారింది. 2001 అక్టోబరు నాటి ప్రకటన ప్రకారం గంజాయికి స్వల్పపరిమాణం 1 కిలో, వాణిజ్యపరిమాణం 20 కిలోలు. చరస్‌కు ఇవి 100 గ్రాములు, 1 కిలో. స్వల్పపరిమాణానికి ఏడాది వరకు శిక్ష పడవచ్చు. వాణిజ్యపరిమాణానికి పదేళ్లకు తగ్గని శిక్ష ఉంటుంది. ఈ కొలత శిక్షను నిర్ణయించడానికి ఉద్దేశించినది. ఒక కిలో గంజాయి ఒక మనిషి దేహానికి సంబంధించినంతవరకు స్వల్పం కానే కాదు. 'స్వల్పపరిమాణం' అన్న చట్టపదాన్ని పత్రికల ద్వారా విన్న యువకుడు దానిని హాని లేని పరిమాణంగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. వైద్యుని మాత్ర, చట్టం త్రాసు ఒకే మాటతో రెండు వేర్వేరు సంగతులను చెబుతున్నాయి. ఇదే చట్టంలోని 64ఎ సెక్షన్ చికిత్సకు స్వచ్ఛందంగా ముందుకొచ్చే వ్యసనపరునికి కొన్ని షరతులతో విచారణ నుంచి రక్షణ కల్పిస్తుంది. తూకాలకు లభించిన ప్రచారం ఈ సెక్షన్‌కు లభించలేదు.

2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల సంఘం గంజాయిని 1961 ఒప్పందపు నాలుగవ షెడ్యూలు నుంచి 27–25 ఓట్లతో తొలగించింది. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. వైద్య ప్రయోజనాన్ని గుర్తించడం దీని సారాంశం. మొదటి షెడ్యూలులోని నియంత్రణ కొనసాగింది. మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్ పోలీసులు విశాఖ మన్యంలో 'ఆపరేషన్ పరివర్తన' పేరిట గంజాయి తోటల ధ్వంసం చేపట్టారు.

7. ప్రభావం: నేటి విజ్ఞానం చెప్పేది

ఓషాగ్నెసీకి అందని క్రియాశీల పదార్థాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో యెహియెల్ గావోని, రాఫెల్ మెషూలమ్ శుద్ధరూపంలో వేరుచేసి నిర్మాణాన్ని నిర్ధారించారు. అదే టెట్రాహైడ్రోకెనబినాల్, సంక్షిప్తంగా టి.హెచ్.సి. 1988లో మెదడులో దానిని అందుకునే గ్రాహకాన్ని ఆలిన్ హౌలెట్, విలియం డెవేన్ గుర్తించారు. 1992లో దేహమే తయారుచేసుకునే తత్సమాన పదార్థం బయటపడింది. దానికి సంస్కృతంలోని 'ఆనంద' శబ్దంతో ఆనందమైడ్ అని పేరు పెట్టారు.

మార్గాన్ని బట్టి కాలం మారుతుంది. పొగగా పీల్చినప్పుడు ప్రభావం నిమిషాల్లో మొదలై, అరగంటలోపు శిఖరానికి చేరి, రెండు మూడు గంటల్లో తగ్గుముఖం పడుతుంది. తిన్నప్పుడు లేదా తాగినప్పుడు మొదలు కావడానికే అరగంట నుంచి రెండు గంటలు పట్టవచ్చు, కాలేయంలో టి.హెచ్.సి. మరొక బలమైన రూపంలోకి మారుతుంది. ప్రభావం ఆరేడు గంటలకు మించి కూడా నిలుస్తుంది. తిన్నవాడు ఇంకా ఏమీ కాలేదనుకొని రెండోసారి తీసుకోవడం, ఆ రెండు పరిమాణాలూ కలిసి ఒకేసారి ముంచెత్తడం అతి మోతాదుకు సామాన్యంగా కనిపించే కారణం. శార్ఙ్గధరుని వ్యవాయి లక్షణాన్ని దీనితో సమానం చేయడం సరికాదు. రెండూ వేర్వేరు దేహసిద్ధాంతాలకు చెందినవి. ద్రవ్యం దేహంలో నడిచే క్రమం మీద దృష్టి నిలపడం వరకే వాటికి పోలిక.

కాలగమనం మందగించినట్లు తోచడం, స్వల్పకాలిక జ్ఞాపకం తగ్గడం, గుండె వేగం పెరగడం, ఆకలి పెరగడం, స్పందన వేగం తగ్గడం సాధారణ ప్రభావాలు. అందువల్ల ఆ స్థితిలో వాహనం నడపడం ప్రమాదకరం. పరిమాణం మించినప్పుడు భయాందోళన, అనుమానం, భ్రాంతి కలగవచ్చు. రోజూ వాడేవారిలో సహనం పెరిగి పరిమాణం పెరుగుతూ పోతుంది. మానితే నిద్రలేమి, చిరాకు, ఆకలి తగ్గడం కనిపిస్తాయి. 'మోతాదు' అన్న మాటలో దాగిన అలవాటు అర్థం ఇక్కడ వైద్యసత్యమే.

మనోవైకల్యం విషయంలో విచారణ సంఘానికి లేని ఆధారాలు ఇప్పుడు ఉన్నాయి. స్వీడన్ సైన్యంలో చేరిన 45 వేలకు పైగా యువకులపై 1987లో వెలువడిన అధ్యయనం, యాభై సార్లకు మించి వాడినవారిలో తరువాతి కాలంలో స్కిజోఫ్రేనియా వచ్చే అవకాశం వాడనివారికంటె ఆరు రెట్లున్నట్లు చూపింది. 2019లో ప్రచురితమైన బహుదేశ అధ్యయనం, అధిక బలం గల సరుకును రోజూ వాడేవారిలో సైకోసిస్ అవకాశం దాదాపు అయిదు రెట్లున్నట్లు తేల్చింది. ఈ అధ్యయనాలు సంబంధాన్ని చూపుతాయే గాని, వాడిన ప్రతివానికీ ఆ గతి పడుతుందని చెప్పవు. చిన్న వయసు, కుటుంబంలో మనోవ్యాధి చరిత్ర, సరుకు బలం, వాడకపు తరచుదనం అన్నవి ప్రమాదాన్ని పెంచే అంశాలు. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు దీనికి దూరంగా ఉండాలన్నది వైద్యుల సాధారణ సలహా. 1894 నాటి 'మితం వల్ల హాని లేదు' అన్న వాక్యాన్ని నేడు యథాతథంగా చెప్పలేకపోవడానికి ఇదే కారణం: ఆ మితం ఎవరి మితమో, ఏ బలం గల సరుకులో మితమో ఆ వాక్యం చెప్పదు.

8. తెలుగు పరిభాష

మత్తు అనుభవానికి తెలుగులో మాటల కొరత లేదు. మత్తు, కైపు, మైకం, నిషా అన్నవి ఒకే స్థితికి పేర్లు కావు. కైపులో ఉల్లాసపు ఛాయ ఉంది. మైకంలో స్పృహ మసకబారడం ఉంది. మత్తులో నిద్ర, మందకొడితనం ఉన్నాయి. అలవాటు, వ్యసనం మధ్య భేదమూ మనకు తెలుసు. పూర్వం సప్తవ్యసనాల్లో చేరిన మాట కనుక వ్యసనానికి ఆపద అన్న అర్థం, దోషం అన్న అర్థం రెండూ ఉన్నాయి. నేటి బహిరంగ వ్యవహారం ఈ ఛాయలను వదిలి 'మత్తు', 'గంజాయి బ్యాచ్' వంటి మాటలతో సరిపెట్టుకుంటున్నది. ఈ మాటలు మనిషిని గుర్తించడానికి పనికివస్తాయి. అతనికి ఏం జరుగుతున్నదో అడగడానికి పనికిరావు.

పై పరిశీలన ఆధారంగా ఆరు మాటలను ప్రతిపాదించవచ్చు. రూపం: ఆకా, పూలగుత్తా, జిగురా, నూనెసారమా. బలం: ఆ రూపంలో టి.హెచ్.సి. ఎంత. మాత్ర: ఒకసారి దేహంలోకి వెళ్లిన పరిమాణం. మార్గం: పొగా, ఆహారమా, పానీయమా. కాలం: ఎప్పుడు మొదలై ఎంతసేపు నిలుస్తుంది, ఎంత తరచుగా వాడుతున్నారు. దేహస్థితి: వయసు, ఆరోగ్యం, వంశచరిత్ర, పాత అలవాటు. 'మోతాదు'ను అలవాటుపడిన పరిమాణానికి, 'మాత్ర'ను ఒకసారి పరిమాణానికి ప్రత్యేకించితే, సహనం పెరగడాన్ని 'మోతాదు పెరిగింది' అన్న వాడుకమాటతోనే కచ్చితంగా చెప్పవచ్చు. చట్టంలోని 'స్వల్పపరిమాణా'న్ని 'స్వల్పతూకం' అనడం పై భాగంలో చూపిన అపార్థాన్ని తగ్గిస్తుంది.

దీని అవసరం పాండిత్యానికి పరిమితమైనది కాదు. మన ప్రాంతంలో గంజాయి వైద్యేతర వాడకానికి చట్టసమ్మతి లేదు. వాడకుండా ఉండడమే నిరపాయం. అయినా వాడకం ఉంది. హాస్టలు గదిలో మిఠాయి తిని భయంతో వణుకుతున్న విద్యార్థిని స్నేహితులు ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు, వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నలు ఏ రూపం, ఎంత, ఎప్పుడు అన్నవే. వాటికి జవాబు చెప్పగల భాష సిగ్గుతో, భయంతో మూతపడితే చికిత్స ఆలస్యమవుతుంది. తల్లిదండ్రులు, అధ్యాపకులు కూడా 'గంజాయి తాగుతున్నావా' అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నారు. ఆ ప్రశ్నకు సహజంగా వచ్చే సమాధానం 'లేదు'.

9. ఉపసంహారం

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. మధ్యయుగ వైద్యగ్రంథాలు గంజాయిని నీతితో ముడిపెట్టక గుణాలతో, మాత్రతో వివరించాయి. ఓషాగ్నెసీ మాత్రకు అంకెలు చేర్చాడు. సరుకు బలంలోని అనిశ్చితి వల్ల ఆ అంకెలు నిలకడ పొందలేదు. విచారణ సంఘం వాడకపు తరచుదనాన్ని, పరిమాణాన్ని వేరుచేసి, పిచ్చాసుపత్రుల లెక్కలను సరిచేసింది; మితానికి మాత్రం స్పష్టమైన నిర్వచనం ఇవ్వలేకపోయింది. చట్టం పరిమాణాన్ని శిక్షకు కొలతగా మార్చింది. ఆధునిక విజ్ఞానం రూపం, బలం, మార్గం, వయసు అన్న అంశాలను మళ్లీ ముందుకు తెచ్చింది.

ఈ క్రమంలో తెలుగు సాక్ష్యం ఇంకా సేకరింపబడవలసి ఉంది. తెలుగు వైద్యగ్రంథాల వ్రాతప్రతులు, స్థానిక చరిత్రలు, 19వ శతాబ్దపు పత్రికలు, బైరాగుల, జంగాల మౌఖిక సంప్రదాయం, బాపట్ల ప్రాంతపు సాగుదారుల వృత్తిపదాలు ఈ దృష్టితో పరిశీలించదగినవి. గ్రియర్సన్ పత్రంలో చోటు దక్కని ఆ భాగాన్ని పూరించే పని తెలుగు శాఖలదే. ప్రజారోగ్య సంస్థలు తెలుగులో రూపొందించే అవగాహన పత్రాలకు కూడా ఆ పదజాలమే ఆధారం కాగలదు.